పొయ్యిని సంస్కరించిన శాస్త్రజ్ఞుడు

శాస్త్రజ్ఞుడు అనగానే దూరదర్శినితో నక్షత్రాలను చూచేవాడో, గాజు గొట్టాలలో రసాయనాలు కలిపేవాడో మన మనస్సులో మెదలుతాడు. వంటింటి పొయ్యి ముందు కూర్చొని, అందులో ఎన్ని కట్టెలు కాలుతున్నాయి, వాటి వేడిలో కుండకు చేరేదెంత, పొగతోపాటు గాలిలో కలిసిపోయేదెంత అని లెక్క కట్టిన శాస్త్రజ్ఞుడు కూడ ఒకడున్నాడు. ఆయన పేరు బెంజమిన్ థాంప్సన్. లోకం ఆయనను రమ్‌ఫర్డ్ ప్రభువు అని పిలుస్తుంది. ఉష్ణానికి సంబంధించిన ఒక గొప్ప సత్యాన్ని లోకానికి చాటిన ఈ శాస్త్రవేత్త, తన జీవితంలో ఎక్కువ భాగం పొయ్యిలు, పొగగొట్టాలు, వంటపాత్రలు, వంటచెరకు గురించి ఆలోచించడంలోనే గడిపాడు. అందుకు కారణమేమిటో, ఆయన సాధించినదేమిటో, సాధించలేకపోయినదేమిటో తెలుసుకొందాం.

బెంజమిన్ థాంప్సన్ 1753వ సంవత్సరం మార్చి 26వ తేదీన ఉత్తర అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో వోబర్న్ అనే గ్రామంలో జన్మించాడు. ఆ కాలంలో ఆ ప్రాంతం ఆంగ్లేయుల ఏలుబడిలో ఉండేది. ఆయనది సాధారణమైన రైతు కుటుంబం. బిడ్డకు రెండేళ్లయినా నిండకముందే తండ్రి మరణించాడు. తల్లి మరొకరిని వివాహమాడింది. పొలం పనులు పిల్లవానికి రుచించలేదు. ఎప్పుడు చూచినా లెక్కలు, బొమ్మలు, యంత్రాలు, నక్షత్రాలు. ఇక లాభం లేదని పెద్దలు అతనిని పదమూడవ యేట సేలం పట్టణంలోని ఒక వర్తకుని కొట్టులో పనికి కుదిర్చారు. అక్కడ కూడ అతని బుద్ధి తక్కెడ మీద కంటే ప్రయోగాల మీదనే ఉండేది. ఒకసారి బాణసంచా తయారు చేయబోయి మందు పేలడంతో ఒళ్లు కాల్చుకొన్నాడు. నిప్పుతో ఆయనకు కలిగిన మొదటి పరిచయం అలాంటిది.

చదువుకోవాలనే కోరిక బలంగా ఉన్నా కళాశాలలో చేరే స్తోమత లేదు. బెంజమిన్ నిరాశపడలేదు. తన స్నేహితుడు లోమీ బాల్డ్విన్‌తో కలిసి మైళ్లకొద్దీ నడిచి హార్వర్డ్ కళాశాలకు వెళ్లి, అక్కడ ఆచార్యులు చెప్పే భౌతికశాస్త్ర పాఠాలు వినేవాడు. ఇంటికి వచ్చి, చూచిన పరికరాలను తన చేతులతో తయారు చేసుకొనేవాడు. కొంతకాలం బడిపంతులుగా పనిచేశాడు. ఆ ఉద్యోగం చేస్తుండగానే 1772లో, పందొమ్మిదవ యేట, తనకంటే పదునాలుగేళ్లు పెద్దదైన సారా అనే ధనవంతురాలైన వితంతువును వివాహం చేసికొన్నాడు. ఆమె నివసించే ఊరు న్యూహాంప్‌షైర్‌లోని కాంకర్డ్. దానికి పూర్వనామం రమ్‌ఫర్డ్. తరువాతి కాలంలో ఆయనకు బిరుదుగా నిలిచినది ఈ ఊరి పేరే.

ఇంతలో అమెరికా ప్రజలు ఆంగ్లేయుల పాలనపై తిరుగుబాటు ప్రారంభించారు. థాంప్సన్ మాత్రం ఆంగ్ల ప్రభుత్వం పక్షాన నిలిచాడు. అంతేకాదు, తిరుగుబాటుదారుల సైన్యం వివరాలను రహస్యపు సిరాతో వ్రాసి ఆంగ్ల సేనలకు అందజేశాడని తరువాతి పరిశోధకులు కనిపెట్టారు. ఊరివారికి అతనిపై అనుమానం కలిగింది. ఒక రాత్రి జనం ఇంటిపైకి వస్తున్నారని తెలిసి ఆయన పారిపోయాడు. భార్యను, పసికందుగా ఉన్న కుమార్తెను విడిచి వెళ్లాడు. 1776లో ఓడ ఎక్కి ఇంగ్లండు చేరాడు. ఆ భార్యను ఆయన మరల చూడనే లేదు. గొప్పవారి జీవితాలలో కూడ మనం మెచ్చుకోలేని ఘట్టాలు ఉంటాయి. ఇది అటువంటిది.

ఇంగ్లండులో ఆయన తెలివితేటలు త్వరలోనే పెద్దల దృష్టిలో పడ్డాయి. ప్రభుత్వంలో ఉన్నతోద్యోగం లభించింది. తీరిక వేళల్లో తుపాకిమందుపై పరిశోధనలు చేశాడు. తుపాకిలో గుండు పెట్టి పేల్చినప్పటి కంటే గుండు లేకుండా ఉత్త మందు పేల్చినప్పుడే గొట్టం ఎక్కువగా వేడెక్కుతున్నదని ఆయన గమనించాడు. ఇది ఎందువల్ల? వేడి అంటే అసలేమిటి? అది ఎక్కడినుండి వస్తుంది, ఎక్కడికి పోతుంది? ఈ ప్రశ్నలు ఆయనను జీవితాంతం వెంటాడాయి. 1779లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది.

యుద్ధం చివరి రోజులలో ఆయన సైన్యాధికారిగా అమెరికాకు తిరిగి వెళ్లాడు. లాంగ్ ఐలండ్‌లోని హంటింగ్టన్ గ్రామంలో ఆయన దళం ప్రార్థనా మందిరాన్ని పడగొట్టి కోట కట్టింది. శ్మశానంలోని సమాధి ఫలకాలతో రొట్టెలు కాల్చే పొయ్యిలు కట్టారనీ, ఆ రొట్టెల అడుగున చనిపోయినవారి పేర్లు అచ్చుపడి కనిపించేవనీ ఆ ఊరివారు తరతరాలుగా చెప్పుకొన్నారు. పొయ్యి ఎలా కట్టాలో తెలిసినంత మాత్రాన సరిపోదు, అది ఎవరి మనస్సును కాలుస్తున్నదో కూడ తెలియాలి. ఆ సంగతి నాటి యువ సైనికాధికారికి ఇంకా పట్టలేదు.

యుద్ధం ముగిసిన తరువాత 1784లో ఇంగ్లండు రాజు ఆయనకు సర్ బిరుదు ఇచ్చాడు. ఆ కాలంలోనే జర్మనీలోని బవేరియా పాలకుడు కార్ల్ థియోడోర్ ఆయనను తన కొలువులోకి ఆహ్వానించాడు. బవేరియా రాజధాని మ్యూనిక్ నగరం. అక్కడి సైన్యం పరిస్థితి దయనీయంగా ఉండేది. సైనికులకు సరైన జీతాలు లేవు, బట్టలు లేవు, కడుపునిండ తిండి లేదు. వారి స్థితిని బాగుచేసే బాధ్యత థాంప్సన్‌పై పడింది. ఆయన సైనికులకు చదువు చెప్పించాడు. ఒక్కొక్కరికి కొద్దిపాటి నేల ఇచ్చి కూరగాయలు పండించుకొమ్మన్నాడు. బట్టల విషయంలో, ఏ గుడ్డ ఎక్కువ వెచ్చగా ఉంటుందో తెలుసుకోవడానికి స్వయంగా ప్రయోగాలు చేశాడు. ఉన్ని, ఈకలు, బొచ్చు వెచ్చగా ఉండడానికి వాటి పోగుల మధ్య చిక్కుకొన్న గాలియే కారణమని తేల్చాడు. ఈ సత్యమే తరువాత ఆయన పొయ్యిలకు పునాది అయింది.

ఆ రోజులలో మ్యూనిక్ వీధులు బిచ్చగాళ్లతో నిండి ఉండేవి. వారి సంఖ్య రెండువేలకు పైగా ఉండేది. 1790 జనవరి 1వ తేదీన, కొత్త సంవత్సరం నాడు దానధర్మాల కోసం బిచ్చగాళ్లు వీధులలోకి వచ్చే వేళ, సైనికుల సహాయంతో వారినందరిని ఒకచోటికి చేర్చే కార్యక్రమం ప్రారంభమైంది. తన దగ్గరకు చేయిచాచి వచ్చిన మొదటి బిచ్చగానిని థాంప్సన్ స్వయంగా పట్టి అప్పగించాడు. వారిని చెరసాలకు పంపలేదు. మరునాడు వారికోసం సిద్ధం చేసిన పనిశాలకు రమ్మన్నాడు. అక్కడ శుభ్రమైన గదులు, చలికాచుకోవడానికి వెచ్చదనం, మధ్యాహ్నం వేడివేడి భోజనం ఏర్పాటు చేశాడు. నూలు వడకడం, బట్టలు నేయడం, కుట్టడం నేర్పించి పనికి తగిన కూలి ఇప్పించాడు. సైన్యానికి కావలసిన దుస్తులు అక్కడే తయారయ్యేవి. మనిషిని మంచివానిగా మార్చి ఆ తరువాత సుఖపెట్టాలని లోకం అనుకొంటుంది. ముందు సుఖపెడితే మంచితనం దానంతటదే వస్తుందని ఆయన నమ్మాడు. ఈ ఏర్పాటులో కొంత నిర్బంధం లేకపోలేదు. అయినా ఆకలితో ఉన్నవారికి అన్నం, పని రెండూ దొరికాయి.

కాని అంతమందికి ప్రతిదినం అన్నం వండి పెట్టడం ఎట్లా? ఆ పనిశాలలో రోజుకు వెయ్యిమందికి పైగా భోజనం చేసేవారు. థాంప్సన్ తక్కువ ఖర్చుతో ఎక్కువ బలమిచ్చే ఆహారం ఏదని వెదికాడు. బార్లీ గింజలు, బఠాణీలు, బంగాళాదుంపలు, ఉప్పు కలిపి, పులుపు చేర్చి, నిదానంగా ఉడికించి చిక్కని గంజివంటి పులుసు తయారు చేయించాడు. ఎండిన రొట్టెముక్కలు అందులో వేసి వడ్డించేవారు. అప్పట్లో బవేరియా ప్రజలకు బంగాళాదుంపలంటే ఏహ్యం. అందుచేత మొదట్లో వాటిని ఎవరూ చూడకుండ వేరే గదిలో ఉడికించి, ఆకారం తెలియకుండ మెదిపి పులుసులో కలిపేవారు. రుచి మరిగిన తరువాత వారే కావాలని అడిగి తిన్నారు. ఈ పులుసు రమ్‌ఫర్డ్ పులుసు అనే పేరుతో యూరపులోని అనేక నగరాలలో బీదలకు అన్నం పెట్టింది.

తిండి ఖర్చు తగ్గింది. కట్టెల ఖర్చో? ఇక్కడే ఆయన అసలు కృషి మొదలైంది. ఆ కాలపు యూరపు వంటశాలలలో పొయ్యి అంటే నాలుగువైపులా తెరచి ఉండే మంట. దానిపైన ఒక పెద్ద పొగగూడు. గొలుసులకు వ్రేలాడదీసిన కుండలకు అడుగున మంట తగిలీ తగలక తగిలేది. వంటవారి ముఖాలు ఎర్రగా కమిలిపోయేవి, గది పొగతో నిండేది, కుండలకు మసి పట్టేది. ఎసరు మాత్రం త్వరగా కాగేది కాదు. ఇటువంటి పొయ్యిలలో పుట్టిన వేడిలో ఎనిమిది పాళ్లకు ఏడు పాళ్లకు పైగా పొగవెంట ఆకాశానికి పోతున్నదని రమ్‌ఫర్డ్ లెక్కగట్టాడు. అంటే ఎనిమిది మోపుల కట్టెలు తెస్తే ఒక మోపు మాత్రమే అన్నం వండుతున్నది. మిగిలిన ఏడు మోపులు ఊరిని వేడి చేస్తున్నాయి. ధనవంతునికి ఇది పెద్ద లోపం కాకపోవచ్చు. దినకూలితో కట్టెలు కొనుక్కొనే బీదవానికి ఇది కడుపుకోత.

ఆయన ఆలోచన సూక్ష్మమైనది. మంటకు గాలి కావాలి, కాని కావలసినంతే కావాలి. గాలి తక్కువైతే కట్టె సరిగా కాలక పొగ వస్తుంది. ఆ పొగ కాలకుండ మిగిలిన కట్టెయే తప్ప మరొకటి కాదు. గాలి ఎక్కువైతే అది కుండకు చేరవలసిన వేడిని తనతో పట్టుకొని పోతుంది. అందువల్ల ఆయన తన పొయ్యిని ఇటుకలతో మూసి కట్టాడు. కట్టెలు నేల మీద గాక ఇనుప కమ్మీల జల్లెడ మీద పెట్టించాడు. బూడిద క్రింద గుంటలోకి జారిపోతుంది, గాలి క్రిందినుండి కమ్మీల సందుల గుండా మంటలోకి వెళుతుంది. బూడిద గుంటకు చిన్న తలుపు అమర్చి, దానిని తెరచినంత మేర మాత్రమే గాలి ప్రవేశించేటట్లు చేశాడు. వంటపాత్రను మంట పైన వ్రేలాడదీయక, మెడవరకు ఇటుక కట్టడంలోకి దింపాడు. వేడి వాయువులు పాత్ర అడుగును తాకి, దాని చుట్టూ తిరిగి, తమ వేడిని దానికి ఇచ్చిన తరువాతనే పొగగొట్టంలోకి పోయేవి. ఆ గొట్టంలో ఒక అడ్డుపలక ఉండేది. దానిని త్రిప్పి మంటను హెచ్చించవచ్చు, తగ్గించవచ్చు. ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క చిన్న మంట. ఏది అవసరమో అదే వెలుగుతుంది.

మన ఇండ్లలో పెండ్లికో పండుగకో త్రవ్వే గాడిపొయ్యిని మీరు చూచి ఉంటారు. గుంటలోని మంట చెదరకుండ వరుసగా పెట్టిన పాత్రలను తాకుతుంది కాబట్టి బయలుమంట కంటె దానిలో కట్టెలు ఆదా అవుతాయి. మన పెద్దలు అనుభవంతో గ్రహించిన ఆ సంగతినే రమ్‌ఫర్డ్ ఉష్ణమాపకంతో, తక్కెడతో కొలిచి, కారణాలు చెప్పి, నియమాలుగా వ్రాశాడు.

ఆయన చెప్పిన మరొక మాట ప్రతి వంటింటికీ పనికివచ్చేది. నీరు ఒకసారి మరగడం ప్రారంభించిన తరువాత క్రింద ఎంత మంట పెట్టినా దాని వేడి పెరగదు. కుతకుత ఉడికే పులుసుకు, సన్నని సెగపై మెల్లగా ఉడికే పులుసుకు వేడిలో భేదం లేదు. పెద్ద మంట నీటిని ఆవిరిగా మార్చి పంపివేస్తుందే గాని పప్పును త్వరగా ఉడికించదు. కనుక ఎసరు కాగిన వెంటనే మంట తగ్గించి, మూత పెట్టాలి. ఒకమారు బంగాళాదుంపలను ఎండబెట్టే యంత్రంలో మాంసం ఉంచి రాత్రంతా తక్కువ వేడిలో వదిలివేస్తే, ఉదయానికి అది చక్కగా ఉడికి ఉండడం ఆయన గమనించాడు. వంటకు కావలసినది మంట పెద్దరికం కాదు, వేడి నిలకడ అని ఆయన గ్రహించాడు.

బవేరియా పాలకుడు ఆయన సేవలకు మెచ్చి ప్రభువు పదవిని ఇచ్చాడు. అప్పుడు థాంప్సన్ తన భార్య ఊరిపేరును బిరుదుగా స్వీకరించి రమ్‌ఫర్డ్ ప్రభువు అయినాడు. మ్యూనిక్‌లో 1789లో ఆయన ప్రోద్బలంతో ఏర్పడిన ఇంగ్లీషు ఉద్యానవనం నేటికీ ఆ నగరానికి అలంకారంగా ఉన్నది. ఆరోగ్యం చెడి విశ్రాంతికై ఇటలీకి వెళ్లినప్పుడు కూడ ఆయన ఊరక కూర్చోలేదు. వెరోనా నగరంలో వైద్యశాలల వంటశాలలను తన పద్ధతిలో తిరిగి కట్టించాడు.

1795లో ఆయన లండన్ చేరాడు. చేరిన రోజులలోనే ఒక నష్టం జరిగింది. ఎన్నో ఏండ్లుగా వ్రాసుకొన్న పరిశోధనల కాగితాలున్న పెట్టెను దొంగలు ఎత్తుకుపోయారు. ఆయన క్రుంగిపోక, మిగిలిన వాటితో వ్యాసాలు వ్రాసి 1796 నుండి ప్రచురించసాగాడు. ఆ చలిదేశంలో ప్రతి ఇంటిలో గోడను ఆనుకొని చలిమంట గూడు ఉంటుంది. వాటి పొగగొట్టాలు విశాలంగా ఉండడం వల్ల గదిలోని వెచ్చదనమంతా పైకి పోయేది, పొగ మాత్రం గదిలోకి వచ్చేది. రమ్‌ఫర్డ్ గూటిని ముందుకు జరిపి, ప్రక్కగోడలను ఏటవాలుగా కట్టించి, పొగగొట్టపు మెడను నాలుగు అంగుళాలకు తగ్గించాడు. పొగ వెనుకకు తిరగలేదు, వేడి గదిలోనే నిలిచింది. ఒక తాపీపనివాడు కొద్ది ఇటుకలతో ఒకనాడులో చేయగల పని అది. లండన్ అంతటా ఆయన పేరు మారుమ్రోగింది. తాను కనిపెట్టిన పొయ్యిలకు, పాత్రలకు ఆయన ఎన్నడూ ప్రత్యేక హక్కులు పొందలేదు. ఎవరైనా చూచి కట్టుకోవచ్చునన్నాడు. ఆయన పేరుతో నాసిరకం పొయ్యిలు అమ్మినవారు కూడ ఉన్నారు. అయినా తన నిర్ణయం మార్చుకోలేదు.

ఆ సంవత్సరమే ఆయన కుమార్తె సారా అమెరికానుండి తండ్రిని చూడవచ్చింది. తల్లి అప్పటికే 1792లో మరణించింది. విడిచి వచ్చిన పసికందు ఇరవై ఒక్క సంవత్సరాల యువతియై ఎదుట నిలిచింది. ఆమెను వెంటబెట్టుకొని ఆయన మ్యూనిక్ వెళ్లాడు.

అక్కడి ఆయుధాగారంలో ఇత్తడి ఫిరంగులకు రంధ్రాలు తొలిచేవారు. తొలిచేటప్పుడు లోహం విపరీతంగా వేడెక్కడం రమ్‌ఫర్డ్ చూచాడు. వేడి అంటే కంటికి కనిపించని ఒక ద్రవం, అది పదార్థాలలో దాగి ఉంటుందని ఆ కాలపు శాస్త్రజ్ఞులు చాలమంది నమ్మేవారు. దానికి కేలరిక్ అని పేరు పెట్టారు. ఈ నమ్మకాన్ని రమ్‌ఫర్డ్ పరీక్షించదలచాడు. ఫిరంగి లోహపు ముక్కను నీటితొట్టెలో అమర్చి, మొద్దుబారిన బరమాను దానికి అదిమిపట్టి, గుర్రాల బలంతో త్రిప్పించాడు. నీరు క్రమంగా వెచ్చబడింది. రెండున్నర గంటలకు సలసల కాగింది. నిప్పు లేకుండ నీరు మరగడం చూచి అక్కడివారు ఆశ్చర్యపోయారు. రాపిడి సాగినంతసేపు వేడి పుడుతూనే ఉన్నది. దాగి ఉన్న ద్రవమే అయితే ఎప్పుడో ఒకప్పుడు తరిగిపోవాలి కదా! తరగనిది పదార్థం కాదు, వేడి ఒకవిధమైన చలనం మాత్రమే అని ఆయన ప్రతిపాదించాడు. 1798లో ఈ వ్యాసం రాయల్ సొసైటీలో చదువబడింది. సుమారు అర్ధశతాబ్ది తరువాత జేమ్స్ జౌల్ చేసిన ప్రయోగాలు ఈ భావాన్ని స్థిరపరచాయి. వంటపొయ్యి ముందు మొదలైన ప్రశ్న భౌతికశాస్త్రపు మూలాలను కదిలించింది.

1799లో ఆయన కృషితో లండన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ స్థాపించబడింది. సామాన్య జీవితానికి ఉపయోగపడే విజ్ఞానాన్ని ప్రజలకు నేర్పడం, మంచి పొయ్యిల, పనిముట్ల నమూనాలను ప్రదర్శించడం దాని ఉద్దేశం. హంఫ్రీ డేవీ అనే యువకుని అక్కడ నియమించినవాడు రమ్‌ఫర్డ్. ఆ డేవీ వద్ద సహాయకుడుగా చేరిన మైకేల్ ఫారడే తరువాత లోకప్రసిద్ధుడైనాడు. అయితే ఆ సంస్థ కాలక్రమాన శాస్త్రోపన్యాసాలకు, పరిశోధనలకు నిలయమైంది. పొయ్యిల నమూనాలు వెనుకబడ్డాయి.

రమ్‌ఫర్డ్ స్వభావం కొంచెం కఠినమైనది. తన మాటే నెగ్గాలనేవాడు. లండన్‌లోని సహచరులతో పొసగక పారిస్ చేరాడు. అక్కడ ప్రసిద్ధ రసాయన శాస్త్రజ్ఞుడు లవోయిజర్ భార్య మేరీ ఆన్‌ను వివాహం చేసికొన్నాడు. ఫ్రెంచి విప్లవంలో ఆమె మొదటి భర్త ప్రాణాలు కోల్పోయాడు. కేలరిక్ సిద్ధాంతాన్ని బలపరచిన శాస్త్రజ్ఞులలో ఆయన ముఖ్యుడు. ఈ దాంపత్యం సుఖంగా సాగలేదు. ఆమెకు అతిథులంటే ప్రీతి, ఆయనకు ఏకాంతమంటే ప్రీతి. 1809లో ఇద్దరూ విడిపోయారు.

పారిస్ సమీపంలోని ఓతెయ్ గ్రామంలో ఆయన చివరి రోజులు గడిచాయి. తెల్లని వస్త్రాలు ఒంటి వేడిని నిలుపుతాయని తలచి చలికాలంలో కూడ ఆపాదమస్తకం తెల్లని దుస్తులు ధరించి తిరిగేవాడు. చూచినవారు నవ్వుకొన్నా లెక్కచేసేవాడు కాదు. ఆ వయస్సులో కూడ కట్టెలు, బొగ్గుల పైన పరిశోధన మానలేదు. రకరకాల కలపను ఎండబెట్టి, తూచి, కాల్చి, ఏ కట్టె ఎంత వేడినిస్తుందో, దానినుండి ఎంత బొగ్గు దిగుతుందో కొలిచాడు. కట్టెను బొగ్గుగా మార్చేటప్పుడు దానిలోని మండే భాగం చాలవరకు ఆవిరులుగా, పొగగా పోతుంది. మిగిలిన బొగ్గు పొగ లేకుండ మండుతుంది, నిజమే. కాని ఆ సౌకర్యానికి చెల్లించే మూల్యం అడవిలోనే చెల్లించబడుతుంది. 1814 ఆగస్టు 21వ తేదీన రమ్‌ఫర్డ్ మరణించాడు. తాను నడిచి వెళ్లి పాఠాలు విన్న హార్వర్డ్‌లో, శాస్త్రాన్ని జీవనానికి ఉపయోగించే విద్యను బోధించే ఆచార్య పదవికి తన ధనాన్ని వ్రాసి ఇచ్చాడు. ఆయన కుమార్తె సారా తరువాత కాంకర్డ్‌లో తల్లిలేని పేద బాలికల ఆశ్రమానికి తన ఆస్తిని ఇచ్చింది.

రమ్‌ఫర్డ్ పొయ్యిలు పెద్ద భవనాలలో, వైద్యశాలలలో, అనాథాశ్రమాలలో నిలిచాయి. బీదవాని గుడిసెలోకి మాత్రం అంతగా ప్రవేశించలేదు. ఇటుకలు, ఇనుప కమ్మీలు, సరిపోయే పాత్రలు కొనడానికి డబ్బు కావాలి. అన్నింటికంటె ఎక్కువగా కట్టెలు ఎవరికి ఆదా కావాలో వారి చేతిలోనే ఆ డబ్బు లేదు. చిన్నపాటి చవక పొయ్యిలను కూడ ఆయన రూపొందించాడు గాని అవి అంతగా వ్యాపించలేదు. ఆయన మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయిన పని అదే.

ఆ పనిని తరువాతివారు అందుకొన్నారు. మన దేశంలో 1950వ దశకం తొలి సంవత్సరాలలో హైదరాబాదులోని ఇంజనీరింగు పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్. పి. రాజు మట్టితోనే కట్టుకోగల పొగలేని పొయ్యిని రూపొందించాడు. దానికి ఒక పొగగొట్టం, ఒకే మంటపై వరుసగా వంట చేసుకొనే గుంటలు ఉంటాయి. 1980వ దశకంలో భారత ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమాన్ని చేపట్టింది. పేద గృహిణులకు వంటగ్యాసు అందించే ఉజ్జ్వల పథకం 2016లో ప్రారంభమైంది. మహారాష్ట్రలో, పుణేలోని ఆర్తి సంస్థ చెరకు కోసిన తరువాత పొలంలో తగులబెట్టే ఎండుటాకులనుండి బొగ్గు తయారుచేసే పద్ధతిని రూపొందించి, 2002లో అంతర్జాతీయ బహుమతిని పొందింది. చెట్టు నరకకుండ బొగ్గు సంపాదించే మార్గమది. తమిళనాడులో రామనాథపురం ప్రాంతపు పల్లెలలో సర్కారు తుమ్మను కాల్చి బొగ్గు చేసే మట్టి బట్టీలను మీలో కొందరు చూచి ఉంటారు. మట్టి కప్పి కాల్చే పాతరకపు బట్టీలలో నూరు కిలోల కట్టెకు సుమారు పది నుండి ఇరవై కిలోల బొగ్గు దిగుతుంది. బట్టీనుండి వెలువడే ఆవిరులను మరల మంటలోనే కాల్చే మెరుగైన బట్టీలలో ముప్పై కిలోల వరకు దిగుతుంది. పొగను వృథా పోనీయరాదన్న రమ్‌ఫర్డ్ సూత్రమే ఇక్కడా పనిచేస్తున్నది.

పొగ కట్టెలను మాత్రమే కాదు, మనుషులను కూడ హరిస్తుందని నేటి వైద్యశాస్త్రం నిరూపించింది. వంటింటి పొగ మొదలైన గృహవాయు కాలుష్యం వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. పొయ్యి దగ్గర ఎక్కువసేపు గడిపే స్త్రీలు, వారి ఒడిలోని పసిపిల్లలు దీనికి ఎక్కువగా గురి అవుతారు. రెండువందల కోట్లకు పైగా ప్రజలకు శుభ్రమైన వంట ఇంధనం ఇంకా అందలేదు.

రమ్‌ఫర్డ్ దోషాలు లేనివాడు కాదు. భార్యాబిడ్డలను విడిచాడు, పుట్టిన ఊరివారికి వ్యతిరేకంగా నడిచాడు, స్నేహితులను నిలుపుకోలేకపోయాడు. అయినా రాజులు, సేనాపతులు, పండితులు ఎవ్వరూ తలవంచి చూడని ఒక చిన్న వస్తువును ఆయన వంగి చూచాడు. పొయ్యి ఊదే చేతులను, పొగకు నీళ్లు కారే కళ్లను శాస్త్రం పట్టించుకోవాలని చూపించాడు. ఈసారి మీ ఇంటిలో ఎసరు కాగినప్పుడు మంట తగ్గించి మూత పెట్టండి. పొయ్యినుండి నల్లని పొగ వస్తుంటే గాలి ఎక్కడ తక్కువైనదో పరిశీలించండి. ఆ పరిశీలనతోనే శాస్త్రం ప్రారంభమవుతుంది.